బతకమన్నవాడు

లాల్‌బాగ్, ముంబై
14 జూన్ 1999

బావా,

వానలు మొదలయ్యాయి. మా చాల్ వెనక గోడ మళ్ళీ చెమ్మ పట్టింది. ఇంట్లో అందరూ బాగున్నారు, నేను తప్ప. ఆ మాట ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మీ ఊరి ఫోను కిరాణా కొట్లో ఉంది, నీకు కుడి చెవి వినపడదు. నేనిక్కడ అరిచి, నువ్వక్కడ అరిస్తే ఆచరే ఊరంతటికీ నా ఒంటి సంగతి తెలిసిపోతుంది. అందుకే ఉత్తరం. ముందు నువ్వు చదువు. అక్కకి చెప్పాలో వద్దో తర్వాత చూద్దాం.

హోలీ పండగ అప్పటినుంచి నాకు ఉచ్చ ఎర్రగా పోతోంది. నొప్పి లేదు, మంట లేదు. పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదో నీకొక్కడికే అర్థమవుతుంది. మిల్లులో రంగుల షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఏ పూట ఏ తొట్టి దగ్గరుంటే ఆ రంగే పోసేవాళ్ళం కదా. గోడ దగ్గర వరసగా నిలబడి, నీది నీలం, నాది కాషాయం అని వేళాకోళాలు. లోపల ఎక్కడో మిగిలిపోయిన రంగు ఇప్పుడు దిగుతోందిలే అనుకున్నాను. నవ్వకు.

మా కోడలు సులభ కనిపెట్టింది. చాల్లో గదులన్నిటికీ కలిపి ఒకటే మరుగుదొడ్డి, నా వెనక తను వెళ్ళింది. సాయంత్రం మావాడు ప్రకాశ్ డ్యూటీ నుంచి రాగానే "రేపు సెలవు పెట్టు, మామయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళు" అంది. అంతే.

పరేల్ పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూశారు. ఎక్కడినుంచి వేశారో అడగకు. ఉచ్చతిత్తిలో క్యాన్సరు ఉందట, గోడలోకి దిగిందట. తర్వాత ఇంకేవో పరీక్షలు చేసి, దాని కిందుండే ప్రోస్టేట్ గ్రంథిలో ఇంకోటి ఉందన్నారు. దీన్నుంచి అది పాకింది కాదట. దేనికదే. "ఒక మనిషికి రెండా డాక్టరుగారూ?" అన్నాను. కుర్ర డాక్టరు, మా మనవరాలి కంటే పదేళ్ళు పెద్ద ఉంటాడేమో. "మీ వయసు మగవాళ్ళలో ఇదేం వింత కాదు తాతా. ఒకదానికోసం వెతుకుతుంటే రెండోది దొరుకుతుంది" అన్నాడు. "నన్ను తీసుకుపోయేది ఏది?" అని అడిగాను. "కిందది నిద్రపోతోంది, నీతోపాటే ముసలిదవుతుంది. పైది ఆగదు" అన్నాడు.

రెండూ ఒకేసారి కోసి తీసేస్తారట. పేగు ముక్క ఒకటి తీసి పొట్టమీద చిన్న నోరు పెడతారు. దానికి సంచి తగిలిస్తారు. ఇక ఉచ్చంతా అందులోకే, బతికినన్నాళ్ళూ. బావా, మాది ఒక్క గది. కొడుకు, కోడలు, కాలేజీ చదివే మనవరాలు, నేను. నా పక్క గుమ్మం దగ్గర. ఆ సంచి ఎక్కడ మార్చుకోను? కోత లేకపోతే ఏడాది చూడొచ్చన్నాడు. కోస్తే సగం మంది అయిదేళ్ళు బతుకుతారట, నేను ఏ సగంలో ఉంటానో మాత్రం చెప్పలేనన్నాడు. అరవై అయిదు దాటినవాడికి అయిదేళ్ళెందుకు? వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

విశ్రాం


ఆచరే, మాల్వణ్ తాలూకా
26 జూన్

ఒరే విశ్రామూ,

వద్దని చెప్పేసేవాడివైతే చెప్పేసి ఊరుకునేవాడివి. నాకు నాలుగు పేజీలు రాశావంటే కోయించుకోమని చెప్పించుకోడానికే. సరే, చెబుతున్నాను. కోయించుకో.

డాక్టరు నీ గుండె చూశాడా? ఆ పట్టీలంటించి గీతలు గీసే పరీక్ష చేశాడా? ముందు అది రాయి. గుండె బాగుందంటే మారుమాటాడకు, వెళ్ళి బల్ల మీద పడుకో. అందరికీ ఆ బల్ల ఎక్కే యోగం ఉండదు. గోడలోకి దిగిందంటున్నావు, గోడ దాటడానికి దానికి ఎంతో కాలం పట్టదు.

ఇక సంచి అంటావు. మనం పాతికమందిమి ఒక్క గదిలో చాపలు వేసుకుని బతికాం. ఎవడి వాసన ఎవడికి తెలియదు? నీ చెమట పదేళ్ళు భరించాను, నీ ఇంట్లోవాళ్ళు ఓ సంచి భరించలేరా? పార్వతి బతికుంటే అయిదేళ్ళెందుకని అనేవాడివా? మీ ఆవిడ లేదు కాబట్టి వీరుడివయ్యావు.

మీ అక్క ద్వారకకి చెప్పేశాను. నిన్ను అడిగి చెప్పాల్సిన పని నాకు లేదు. కాసేపు ఏడ్చింది, తర్వాత అటక మీంచి ట్రంకు దించింది. కోత ఏ రోజో చెప్తే రైలెక్కించేస్తాను. నీ పుండు మానేదాకా అక్కడే ఉంటుంది. నా తిండి గురించి అడగకు. పక్కింటి మాలతి పొద్దున జావ పోస్తుంది. చేపలు నేనే వండుకుంటాను. ఇక్కడ వాన పట్టిన పట్టు విడవడం లేదు. తోటలో వేలెడు చోటు కూడా ఎండలేదు.

భికాజీ పరబ్


లాల్‌బాగ్
12 సెప్టెంబరు

బావా,

కోత తర్వాత నా చేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఇన్నాళ్ళూ ప్రకాశ్ రాసిన కార్డులు అందాయి కదా. బతికాను. గుండె గుర్రంలా ఉందన్నారు, నీ అనుమానం తీరిందా?

మెలకువ వచ్చాక మూడోనాడు దుప్పటి తీసి చూసుకున్నాను. బొడ్డు పక్కన ఎర్రగా, తడిగా, గులాబీ మొగ్గంత. నా లోపలి పేగు నన్నే చూస్తోంది. మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను. అక్క పక్కనే ఉంది. "ఏడుపు అయ్యిందా? అయితే ఇటు తిరుగు, నర్సమ్మ నేర్పిస్తోంది" అంది. రెండుసార్లు చూసింది, మూడోసారి తనే మార్చింది. చేపలు కడిగినంత మామూలుగా చేస్తోంది బావా. చీదరించుకోదు. "నువ్వు పుట్టినప్పుడు నీ ముడ్డి కడిగినదాన్ని నేనే, అప్పుడు సంచి కూడా లేదు" అంటుంది. వార్డంతా నవ్వారు.

ఇంటికొచ్చాక చూస్తే, సులభ తన పాత చీరతో మూలకి తెర కట్టింది. నేను ఎక్కడ మార్చుకోను అని నీకు రాసి ఏడ్చానే, ఆ మూల అది. ఆ అమ్మాయితో ఒక్క మాట చెప్పుకోలేదు నేను. ఎలా తెలిసిందో మరి. మొదటి వారం రెండుసార్లు పక్క తడిసింది. తెల్లారేసరికి దుప్పటి ఉతికి ఆరేసి ఉండేది, ఎవరూ మాటెత్తలేదు.

కోసి తీసినవన్నీ పరీక్షకి పంపారు. గజ్జల దగ్గర గ్రంథుల సంగతి ఇంకా తేలలేదు. కిందదాన్ని మొత్తం తీసేశారు, అది ఇక లేదు.

అక్క నీ గురించి గునుస్తోంది. "మీ బావ కార్డు మీద రెండు లైన్లకి మించి రాయడం లేదు, జావ సరిగ్గా పోస్తున్నారో లేదో" అంటుంది. పండక్కి వెళ్ళిపోతానంటే నేనే ఆపాను. ఇంకో నెల ఉంచుకోనా? నీకు కష్టమైతే చెప్పు.

నువ్వు కోయించుకోమనకపోతే నేను కోయించుకునేవాణ్ణి కాదు. బావమరిది బతకగోరతాడని సామెత. మన దగ్గర అది తిరగబడింది.

విశ్రాం


ఆచరే
29 సెప్టెంబరు

ఒరే,

ఉంచుకో. దీపావళిదాకా ఉంచుకో. నాకేం కష్టం లేదు. ఉత్తరం పొడుగ్గా రాయమందా మీ అక్క? ఇంట్లో ఉన్నప్పుడు నేను రోజుకి నాలుగు మాటలాడేవాణ్ణి, అవే రాస్తున్నాను.

గుండె గుర్రమా. మంచిది. నా చెవికి ఈ ఏడాది వినపడ్డ మంచి మాట అదే.

నీకు ఆ గ్రంథి మొత్తం తీసేయడం కూడా మేలయింది. లేకపోతే దానికి మాత్రలిస్తారు. అవి మింగితే మగాడికి కూడా రొమ్ములు సలుపుతాయి, చొక్కా తగిలినా ఓర్చుకోలేం. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. ఆ గోల నీకు తప్పింది.

నీళ్ళు బాగా తాగు. సంచి నిండేదాకా ఆగకు, సగంలోనే వంపెయ్. సులభకి నా ఆశీర్వాదం చెప్పు. ఆ పిల్లని ఏడిపించకు.

భికాజీ


లాల్‌బాగ్
7 అక్టోబరు

బావా,

నాకెవ్వరూ మాత్రలివ్వలేదు. ఆవిర్ల గురించి, సలపడం గురించి మా డాక్టరు నోటివెంట ఒక్క ముక్క రాలేదు. ఆసుపత్రిలో పడుకున్నది నేను. నువ్వు ఆచరేలో కూర్చుని కొబ్బరికాయలు కొట్టుకుంటున్నావు.

చొక్కా తగిలినా ఓర్చుకోలేం అని రాశావు. ఓర్చుకోలేరు అని కాదు.

ఆ మాత్రలు నీకెవరిచ్చారు? ఎప్పుడు? ఏప్రిల్లో మూత్రంలో రాయి ఉందని గోవా వెళ్ళొచ్చావని అక్క చెప్పింది. నేను గుండె మాట రాయకముందే నీకు ఆ పరీక్ష గురించి ఎలా తెలుసు? నీ ఉత్తరం అక్కకి ఇంకా చూపించలేదు. తిరుగు టపాలో జవాబు రాయి. నవ్వులాట వద్దు.

విశ్రాం


ఆచరే
15 అక్టోబరు

విశ్రాం,

పట్టుకున్నావు. మాత్రల మాట రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. అయినా పోనిమ్మని రాసేశాను. రాయడానికి నీకంటే ఎవరున్నారు నాకు.

నాక్కూడా నీలాగే ఎర్రగా వచ్చింది, కిందటి దసరా అప్పుడు. నేనూ నీలాగే అనుకున్నాను, పాత రంగని. ఏప్రిల్లో రక్తపు గడ్డలు అడ్డం పడి ఉచ్చ బిగిసిపోతే గోవా పరిగెత్తాను. రాయి అని ద్వారకకి చెప్పాను. రాయి కాదు. పైదీ ఉంది, కిందదీ ఉంది, నీకున్నట్టే. డాక్టరు నేను చేసిన పనేంటని అడిగి, రంగుల షెడ్డు అనగానే కలం కింద పెట్టాడు. మన షెడ్డులో రాఘో తావడే ఎలా పోయాడో గుర్తుందా? దయాళ్ అన్న? ఎర్రగా పోస్తే వేడి చేసిందనుకున్నాం. వేడి కాదురా అది.

కోసేద్దాం అన్నారు మొదట. తర్వాత గుండె పరీక్ష చేశారు. ఈ గుండెతో బల్ల మీంచి లేవవు అన్నారు. కిందదానికి మాత్రలు రాసి, పైదాన్ని ఒకసారి గీకి పంపేశారు. నేను వద్దనలేదు. ఈ ముక్క నీకు స్పష్టంగా చెప్పాలి. నాకు బతకాలనే ఉంది. వాళ్ళు కోతకి ఒప్పుకుని ఉంటే ఈ పాటికి నేనూ సంచి కట్టుకుని సంతలో తిరిగేవాణ్ణి.

ఇంతలో జూన్లో నీ ఉత్తరం వచ్చింది. నా రోగమే నీకు, గుండె మాత్రం నాది కాదు. నాకూ ఉందని చెబితే నువ్వేమంటావో నాకు తెలుసు. "బావకి లేని కోత నాకెందుకు" అని చాప పరుచుకుని పడుకునేవాడివి. అందుకే చెప్పలేదు. ద్వారక ఇక్కడుంటే నా బట్టలు ఉతికేది, చూసేది. అక్కడైతే నీకు పనికొస్తుంది. ఒక్క పనితో రెండూ తీరాయి.

ఇప్పుడు రక్తం ఎక్కువే పోతోంది. కాళ్ళు వాచాయి. నీ పుండు పూర్తిగా మానేదాకా ఆమెకి చెప్పకు. ఇంకో రెండు వారాలు. ఇది నేను నిన్ను మొదటిసారి అడుగుతున్నది.

భికాజీ


లాల్‌బాగ్
21 అక్టోబరు

బావా,

ఈ ఉత్తరం కంటే అక్కే ముందు నీ దగ్గరికి చేరుతుంది. నువ్వు చెప్పొద్దన్నావు. మధ్యాహ్నం టపా వచ్చింది. చదివి, తెర వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడి, బయటికొచ్చి ఆమె చేతికిచ్చేశాను.

నిలబడే చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. "నా ట్రంకు దింపు" అంది ప్రకాశ్‌తో. సులభని మూలకి పిలిచి, సంచి అంటించే పద్ధతి మళ్ళీ ఒకసారి దగ్గరుండి చేయించి, "ఇక నీ మామ నీ చేతిలో" అని చెప్పి వెళ్ళిపోయింది. స్టేషన్లో ప్రకాశ్ కాళ్ళకి దండం పెట్టబోతే వెనక్కి జరిగిందట.

నేనూ బయల్దేరేవాణ్ణే. కుట్టు ఒక చోట చీము పట్టింది, డాక్టరు కదలొద్దన్నాడు.

బావా, నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు, ఏదీ చెప్పలేదంతే. నాకు కోపం రావాలి. రావడం లేదు. పొద్దున మూలన కూర్చుని సంచి వంపుతుంటే అనిపించింది, నేను బతుకుతున్న ఈ రోజులు నాకు నువ్వు పంపినవని. వాటిని ఎలా ఉంచుకోవాలో తెలియడం లేదు.

అక్క ఏమన్నా పడు.

విశ్రాం


ఆచరే
20 డిసెంబరు

విశ్రాంకి అక్క రాసేది.

మీ బావ పదమూడో రోజు అయింది. చుట్టాలు వెళ్ళారు. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో. మీ మగవాళ్ళు ఇన్నాళ్ళూ ఒకరికొకరు రాసుకున్నారు, ఇప్పుడు నేను రాస్తాను.

నేను వచ్చేసరికి మీ బావ అరుగుమీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. సగం మనిషయ్యాడు. నన్ను చూసి మొదట అడిగింది, "వాడి సంచి ఎవరు మారుస్తున్నారు?" అని. ఆ రోజంతా మాట్లాడలేదు. అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోయాను.

మర్నాడు అడిగాను. "నన్నెందుకు పంపావు?"

"ఇక్కడ ఉండి నువ్వేం చేస్తావు? ఏడుస్తావు. అక్కడైతే ఒకడు బతుకుతాడు."

"అది నన్నడిగావా?"

"అడిగితే వెళ్తావా?"

"వెళ్తానో లేదో, అడగాలి కదా."

అప్పుడు తల దించుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళలో మీ బావ నా ముందు తల దించుకోవడం అదొక్కసారే చూశాను.

నీకు తెలిసిందే, మళ్ళీ చెప్తున్నాను. పెళ్ళయిన మొదటి ముప్ఫై ఏళ్ళు నా మొగుణ్ణి మీ మిల్లు ఉంచుకుంది. ఏడాదికి ఒక నెల వచ్చేవాడు. పిల్లలు పుట్టలేదని అత్త నన్ను తిట్టేది, మనిషి ఇంట్లో ఉంటే కదా అనేదాన్ని లోపల్లోపల. సమ్మె జరిగి మిల్లు మూతపడినప్పుడు ముంబైలో మీరందరూ ఏడ్చారు. నేనిక్కడ దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఆ తర్వాతే నాకు మొగుడు దొరికాడు. రోజూ ఇంట్లో తిరిగే మనిషి. ఆ మనిషి చివరి రోజుల్లోంచి మూడు నెలలు తీసి నీకిచ్చాడు. తనవి కాదు, నావి.

నీ సంచి చీదర లేకుండా మార్చాను. తన బట్ట ఒక్కటి కూడా నాచేత ఉతికించుకోకుండా దాచాడు. వచ్చాక చూస్తే గోనెలో కుక్కి ఉన్నాయి, ఎర్రవి, ఎండి అట్టలు కట్టి. అవి ముందు నా కంటపడి ఉంటే నిన్ను చూడ్డానికి వచ్చేదాన్ని కాదు. ఆ మాట నిజం, నువ్వు తెలుసుకోవాలి.

దీపావళి తర్వాత మంచం దిగలేదు. అయినా బాగానే మాట్లాడుకున్నాం. మిల్లు కబుర్లు ఎప్పుడూ చెప్పనివి చెప్పాడు. భజనల్లో నీ పాటలకి తాళం తప్పేదట, నువ్వు బాధపడతావని తను వాయించే మృదంగాన్నే కాస్త సర్దుకునేవాడట. పోయిన రోజు మధ్యాహ్నం జావ రెండు గుక్కలు తాగి "ఉప్పు తక్కువ" అన్నాడు. లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చేసరికి లేడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఆ రెంటిలో ఏదీ కాదట. ఆ రెంటికీ భయపడి మేం కూర్చుంటే, మూడోది వచ్చి తీసుకుపోయింది.

నీమీద కోపం ఉంది. నువ్వు బతికినందుకు కాదు. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. పోతుందేమో, పోదేమో.

నీకు సంక్రాంతి దగ్గర్లో మళ్ళీ పరీక్ష ఉందని సులభ చెప్పింది. వాళ్ళేమన్నారో నాకు రాయి. బాగున్నానని రాయకు. ఏమన్నారో అదే రాయి. ఇక ఈ ఇంట్లో ఎవరూ నా దగ్గర ఏదీ దాచకూడదు.

ద్వారక


లాల్‌బాగ్
18 జనవరి 2000

అక్కా,

ఏమన్నారో అదే రాస్తున్నాను. ప్రకాశ్‌కి ఇంకా చెప్పలేదు, ముందు నీకే.

కోసినప్పుడు తీసిన గ్రంథుల్లో రెండింటిలో ఆ పైది ఉందట. అప్పుడే ఉందట. ఇప్పుడు తీసిన బొమ్మలో వెన్ను దగ్గర ఒక చుక్క కనపడుతోంది. అది అదేనా కాదా అని ఫిబ్రవరిలో మళ్ళీ చూస్తారు. అదే అయితే మందు ఎక్కిస్తారు, నీరసం చేస్తుందట. "అయిదేళ్ళా డాక్టరుగారూ?" అన్నాను. "అంత అనుకోకు తాతా. రెండు అనుకో, ఎక్కువైతే సంతోషిద్దాం" అన్నాడు. మంచి కుర్రాడు. కళ్ళలోకి చూసి చెప్పాడు. కిందదాని జాడ రక్తంలో ఎక్కడా లేదట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సంచి అంచు ఊడింది. పంట్లాం తడిసింది. పక్కన కూర్చున్న పెద్దావిడ లేచి వెళ్ళిపోయింది. పరేల్ నుంచి ఇంటిదాకా నడిచొచ్చాను. సులభ నీళ్ళు కాచింది. ఇది కూడా రాయాలో లేదో తెలియక రాస్తున్నాను.

బావ నన్ను బతకమన్నాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. నేనా మాటకి ఎదురు చెప్పకుండా బల్ల ఎక్కాను. నీ మూడు నెలల సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే పంపించేసేవాణ్ణి అని రాద్దామని కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. అక్కా, అప్పుడు నాకు చాలా భయంగా ఉండింది. పంపించేవాణ్ణో లేదో నాకు తెలియదు.

నువ్వు రమ్మనలేదు. అయినా గురువారం రైలుకి వస్తున్నాను, ఒక్కణ్ణే. సంచి మార్చుకోవడం నాకు వచ్చు, నువ్వు ముట్టుకోనక్కర్లేదు. ఫిబ్రవరిదాకా ఉంటాను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపో.

విశ్రాం